ఎల్‌హెచ్‌బీ పెట్టెల వెనక ఉన్న జర్మన్ ఫ్యాక్టరీ కథ ఎవరికైనా పూర్తిగా తెలుసా?

ఖాజీపేట_శీను
మన రైళ్లకి ఇప్పుడు వేస్తున్న కొత్తరకం ఎల్‌హెచ్‌బీ పెట్టెల మీద తెలుగులో ఎన్ని వీడియోలు చూసినా అదే ముక్క. "లింకె-హోఫ్‌మాన్-బుష్ అనే జర్మన్ కంపెనీ డిజైన్" అని ఒక్క వాక్యం చెప్పేసి డిస్క్ బ్రేకులు, 160 స్పీడు అంటూ ముందుకెళ్లిపోతారు. ఆ లింకె ఎవరు? బుష్ ఎవరు? ఆ ఫ్యాక్టరీ ఏ ఊళ్లో ఉంది? ఇప్పటికీ నడుస్తోందా? అక్కడ పెట్టెలు తప్ప ఇంకేం చేశారు? ఇది ఎవరూ చెప్పరు. పాతరకం ఐసీఎఫ్ పెట్టెల గురించైతే చెన్నైలోని పెరంబూర్ ఫ్యాక్టరీ కథ మొత్తం దొరుకుతుంది. దీనికి ఏమీ దొరకడం లేదు. తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా రాయండి. లింకులు వద్దు, మీ మాటల్లో చెప్పండి.

వాల్తేరు_వాసు
ఫ్యాక్టరీ జాల్జ్‌గిట్టర్‌లో. బెర్లిన్‌కి పడమర, బ్రౌన్‌ష్వైగ్ పక్కన. ఇప్పుడు ఆల్‌స్టామ్ అనే ఫ్రెంచ్ రైలు కంపెనీ వాళ్లది. ఇంకా నడుస్తోంది. లింకె, హోఫ్‌మాన్, బుష్ మూడూ వేరువేరు కంపెనీలు, తర్వాత కలిశాయి. అంతే.

పట్టాలే_ప్రాణం
"అంతే" అనకండి వాసూ. జాల్జ్‌గిట్టర్ ఈ కథలో రెండో ఇల్లు. పుట్టిల్లు బ్రెస్లావ్. దాన్ని వదిలేస్తే సగం కథ పోతుంది.

గాట్‌ఫ్రీడ్ లింకె అనే ఆయన బ్రెస్లావ్‌లో బండ్లు చేసుకునే పనివాడు. 1839లో సొంత పని మొదలుపెట్టాడు. అప్పటికి ఆ ప్రాంతంలో రైలే లేదు. 1842లో అప్పర్ సైలీషియన్ రైల్వే వాళ్లు బ్రెస్లావ్ నుంచి ఓలావ్‌కి మొదటి లైను వేశారు. రైలు వచ్చిందంటే వ్యాగన్లు కావాలి. వ్యాగన్లు కావాలంటే చెక్క పనీ ఇనుప పనీ రెండూ తెలిసినవాడు కావాలి. లింకెకి ఆ పని దొరికింది. సైలీషియా అంటే బొగ్గు గనులు, ఇనుము, జింకు. సరుకు బళ్లకి ఎప్పుడూ గిరాకీ ఉండేది. ఆ గిరాకీ మీదే ఫ్యాక్టరీ పెరిగింది. తర్వాత ఇంజన్లు కూడా చేశారు.

అదే ఊళ్లో హోఫ్‌మాన్ అన్నదమ్ముల వ్యాగన్ ఫ్యాక్టరీ ఇంకోటి ఉండేది. 1912లో ఆ రెండూ కలిసి లింకె-హోఫ్‌మాన్ అయ్యాయి. 1928లో సాక్సనీలోని బాట్‌సెన్ ఊళ్లో ఉన్న బుష్ ఫ్యాక్టరీ కలిసింది. అక్కడితో మూడు అక్షరాలూ పూర్తయ్యాయి. మన పెట్టె మీద రాసుకునే పేరు అప్పటిది.

బెజవాడ_చిన్ని
నేను మ్యాప్‌లో వెతికాను. జర్మనీలో బ్రెస్లావ్ కనపడట్లేదు.

పట్టాలే_ప్రాణం
కనపడదు చిన్నీ. ఇప్పుడది పోలండ్‌లో ఉంది, పేరు వ్రోత్స్వావ్. 1944లో హిట్లర్ ఆ ఊరిని కోటగా ప్రకటించాడు. 1945లో సోవియట్ సైన్యం నెలల తరబడి చుట్టుముట్టింది. మే 6న, అంటే బెర్లిన్ కూడా పడిపోయిన తర్వాత, ఊరు లొంగిపోయింది. సరిహద్దులు పడమటికి జరిగాయి. జర్మన్ జనాభాని పంపేశారు. తూర్పు నుంచి ఊళ్లు పోగొట్టుకున్న పోలిష్ కుటుంబాలు అక్కడికి వచ్చాయి. ఫ్యాక్టరీ భవనాలు ఆ కొత్త దేశంలో ఉండిపోయాయి. పేరు మాత్రం పడమటికి వెళ్లింది.

తాతగారి_లాంతరు
ఒక ఫ్యాక్టరీ ఊరు పోగొట్టుకుని పేరుతో బతకడం. చదువుతుంటే బాధగా ఉంది. మా తాతయ్య గార్డుగా చేశారు, ఆయనకి షెడ్డు మారితేనే ఏడుపొచ్చేదట.

గుంతకల్లు_గణేష్
శీనన్న అడిగిన "ఇంకేం చేశారు" అన్నదానికి నేను చెప్తాను. నాకు ఈ ఫ్యాక్టరీ మీద ప్రేమ పుట్టింది మన పెట్టెల వల్ల కాదు, 1930ల రైలుకార్ల వల్ల. రైలుకార్ అంటే ఇంజన్ విడిగా ఉండదు. పెట్టెలోనే మోటారు ఉంటుంది. మన డెమూ, మెమూ లాగా.

అప్పట్లో జర్మనీకి రెండు పోటీలు. ఒకటి రోడ్డు, రెండు విమానం. రైలు స్టీమ్ ఇంజన్‌తో లాగుతుంటే ఆ రెండింటి ముందూ వెనకబడుతోంది. అందుకని డీజిల్‌తో పోయే రెండు పెట్టెల రైలుకార్ చేశారు, 1932లో, గోర్లిట్స్ అనే జర్మన్ ఊళ్లోని ఇంకో ఫ్యాక్టరీలో. అదే "ఫ్లీగెండర్ హాంబుర్గర్". 1933 మే 15 నుంచి బెర్లిన్, హాంబుర్గ్ మధ్య 287 కిలోమీటర్లు 138 నిమిషాల్లో వెళ్లేది. గరిష్ఠ వేగం 160. మేబాక్ డీజిల్ మోటార్లు. ఆ టైమింగ్‌ని మళ్లీ దాటడానికి జర్మనీకి 1997 వరకూ పట్టింది!

అది గోర్లిట్స్ గొప్పతనం. బ్రెస్లావ్ వాళ్లు ఊరుకోలేదు. మూడు పెట్టెల రైలుకార్ చేశారు, "లైప్‌సిగ్" రకం అంటారు. 1936 ఫిబ్రవరి 17న అది లుడ్విగ్స్‌లుస్ట్, విట్టెన్‌బెర్గె మధ్య 205 కిలోమీటర్ల వేగం అందుకుంది. డీజిల్ బండి, 1936లో, 205! అదే ఏడాది ఆ బళ్లని బెర్లిన్ నుంచి బ్రెస్లావ్ మీదుగా బోయ్‌తెన్ వరకూ "ఫ్లీగెండర్ ష్లేజియర్" పేరుతో నడిపారు. అంటే తమ ఊళ్లో చేసిన బండి తమ ఊరికే వచ్చేది. ఆ ఫ్యాక్టరీ పనివాళ్లు ప్లాట్‌ఫారం మీద నిలబడి దాన్ని చూసి ఎంత సంబరపడి ఉంటారో!

మౌలాలి_మోహన్
గణేష్, 205 మొదటిది కాదు. 1931లోనే "రైల్ జెప్పెలిన్" 230 కొట్టింది.

గుంతకల్లు_గణేష్
అది వెనక విమానం ఫ్యాన్ పెట్టుకున్న ప్రయోగం బండి మోహన్. ఒకే పెట్టె, వెనక ఇంకో పెట్టె తగిలించడానికి లేదు, ప్లాట్‌ఫారం దగ్గర ఫ్యాన్ తిరుగుతుంటే జనం ఎక్కేదెట్లా? దానితో రోజువారీ సర్వీసు ఎప్పుడూ నడపలేదు. లైప్‌సిగ్ రకం జనాన్ని ఎక్కించుకుని టైం టేబుల్ ప్రకారం తిరిగింది. నా లెక్కలో రికార్డంటే అది.

మౌలాలి_మోహన్
నా లెక్కలో వేగం వేగమే. కానీ నువ్వు చెప్పిన తేడా ఒప్పుకోదగ్గదే.

లోకోషెడ్_రాజు
స్టీమ్ వాళ్ల తరఫున నేనొక మాట. అదే 1936, మే 11న స్టీమ్ ఇంజన్ 05 002 కూడా 200 దాటింది, 200.4. మూడు నెలల తేడాలో డీజిల్, ఆవిరి రెండూ 200 దాటాయి. ఆ ఏడాది జర్మన్ ఇంజనీర్లకి నిద్ర ఉండి ఉండదు.

బెజవాడ_చిన్ని
మా అన్నయ్య స్కూటీ 60 దాటితేనే మా అమ్మకి టెన్షన్. ఆ డ్రైవర్ల అమ్మలు ఏమైపోయుంటారో.

ఖాజీపేట_శీను
అద్భుతం. ఇదే నేను అడిగింది. గణేష్, ఆ రైలుకార్లు తర్వాత ఏమయ్యాయి? యుద్ధంలో పోయాయా?

గుంతకల్లు_గణేష్
1939లో యుద్ధం మొదలవగానే వేగం బళ్లన్నీ ఆపేశారు. డీజిల్ సైన్యానికి కావాలి. మిగిలినవాటిలో చాలా బళ్లు యుద్ధం తర్వాత రెండు జర్మనీల్లోనూ తిరిగాయి.

హాంబుర్గ్_లక్ష్మి
ఇక్కడ ఉండేదాన్ని కాబట్టి రెండో ఇల్లు గురించి నేను రాస్తాను.

యుద్ధం తర్వాత కంపెనీ చేతిలో ఫ్యాక్టరీ లేదు. బ్రెస్లావ్ పోలండ్‌కి పోయింది. బాట్‌సెన్ సోవియట్ ఆక్రమణలో ఉన్న భాగంలో చిక్కుకుని, తర్వాత తూర్పు జర్మనీ ప్రభుత్వం సొంతమైంది. డ్రాయింగులు గీయగల మనుషులు, పని తెలిసిన మనుషులు కొందరు పడమటికి చేరారు. 1949లో జాల్జ్‌గిట్టర్ దగ్గర వాటెన్‌స్టెట్‌లో కొత్తగా మొదలుపెట్టారు. అక్కడ నాజీ కాలంలో పెట్టిన పెద్ద ఉక్కు కర్మాగారాల సముదాయం ఉంది. యుద్ధం అయ్యాక అక్కడి జనానికి ఉపాధి లేదు. తూర్పు నుంచి వచ్చిన శరణార్థులు వేలల్లో ఉన్నారు. రైల్వేకి పెట్టెలు కావాలి. ఈ మూడు అవసరాలూ ఒకచోట కలిశాయి.

నేను హాంబుర్గ్‌లో రోజూ ఎక్కే మెట్రోకి ఈ ఫ్యాక్టరీతో చాలా సంబంధం ఉంది. 1960లలో వచ్చిన డీటీ2, తర్వాత డీటీ3 అనే మెట్రో రైళ్లు వీళ్లవే. తేలిక బరువు, పల్చటి స్టెయిన్‌లెస్ స్టీల్ తొడుగు. డీటీ2 బళ్లయితే యాభై ఏళ్లు దాటి తిరిగాయి. హానోవర్ ట్రాములు, ఎస్-బాన్ అనే సబర్బన్ ఎలక్ట్రిక్ రైళ్లు, ఐసీఈ అనే జర్మన్ హైస్పీడ్ రైలు మొదటి తరం మధ్య పెట్టెల్లో కొన్ని, అన్నిట్లోనూ వీళ్ల చెయ్యి ఉంది.

నల్లగొండ_నవ్య
లక్ష్మిగారూ, ఆ "నాజీ కాలంలో పెట్టిన ఉక్కు కర్మాగారం" దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. రైష్‌వెర్కే హెర్మన్ గోరింగ్ అనే నాజీ ప్రభుత్వ కంపెనీ అది. అక్కడ పనిచేసింది ఎక్కువగా బలవంతంగా తెచ్చిన విదేశీ కార్మికులు, యుద్ధ ఖైదీలు. నోయెన్‌గామె కాన్సెంట్రేషన్ క్యాంపు ఉపశిబిరాలు అక్కడే ఉండేవి. డ్రూట్టెలో 1942 నుంచి, వాటెన్‌స్టెట్‌లో 1944 నుంచి. ఖైదీలతో బాంబు గుండ్లు చేయించేవాళ్లు. ఎందరో చనిపోయారు. డ్రూట్టెలో ఇప్పుడు స్మారకం ఉంది. జర్మన్ ఇంజనీరింగ్ అని మనం మెచ్చుకునేటప్పుడు ఆ నేల మీద ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. లేకపోతే కథ అబద్ధం అవుతుంది.

హాంబుర్గ్_లక్ష్మి
నవ్య, బాగా చెప్పావు. ఇక్కడ స్కూలు పిల్లల్ని ఆ స్మారకానికి తీసుకెళ్తారు. దాచుకోరు.

మౌలాలి_మోహన్
రైలుకార్ల చర్చలోకి అది అవసరమా? 1949 తర్వాత కంపెనీ వేరు కదా.

నల్లగొండ_నవ్య
అవసరమే. గణేష్ చెప్పిన రైలుకార్లు నడిచింది కూడా ఆ ప్రభుత్వం కాలంలోనే. అవి ఆగింది కూడా ఆ యుద్ధం వల్లే. బ్రెస్లావ్ చేజారింది కూడా అందుకే. ఈ ఫ్యాక్టరీ ఊరు ఎందుకు మారిందో దాన్ని తప్పించి చెప్పలేం.

పట్టాలే_ప్రాణం
నవ్యతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

ఇంకో విషయం. బ్రెస్లావ్‌లో మిగిలిన ఫ్యాక్టరీ చచ్చిపోలేదు. పోలిష్ వాళ్లు దాన్ని బాగుచేసుకుని "పఫావాగ్" అని పేరు పెట్టుకున్నారు. ఆ పఫావాగ్ చేసిన ఈఎన్57 అనే ఎలక్ట్రిక్ రైలు 1961 నుంచి 1993 వరకూ తయారవుతూనే ఉంది. 1,400కు పైగా రైళ్లు! ఒకే డిజైన్ ముప్పై ఏళ్లకు పైగా! పోలండ్‌లో పుట్టి పెరిగినవాళ్లలో అది ఎక్కనివాళ్లు ఉండరు. మనకి ఐసీఎఫ్ పెట్టె ఎలాగో వాళ్లకది అలాగ.

శ్రీకాకుళం_సీత
ఫ్యాక్టరీలో రైలు తప్ప వేరేవి చేయలేదా?

లోకోషెడ్_రాజు
చేశారు సీతగారూ. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, లింకె-హోఫ్‌మాన్ వాళ్లు ఆర్-1 అనే భారీ బాంబర్ విమానం చేశారు. నాలుగు ఇంజన్లూ శరీరం లోపలే, అక్కడి నుంచి షాఫ్టులతో బయటి ప్రొపెల్లర్లు తిప్పడం. తోక వైపు సెల్లాన్ అనే పారదర్శకమైన పొర కప్పారు, ఆకాశంలో కనపడకూడదని. ఎండకి అది మెరిసి ఇంకా బాగా కనపడింది. రైలు పెట్టెలు కట్టేవాళ్లు విమానం కడితే ఎంత ఎత్తుగా, లావుగా వస్తుందో అలాగే వచ్చింది. ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు.

బెజవాడ_చిన్ని
ఫొటో చూశాను. తిమింగలం!!

ఖాజీపేట_శీను
సరే, ఇప్పుడు మన పెట్టె దగ్గరికి వద్దాం. జాల్జ్‌గిట్టర్ నుంచి పంజాబ్‌లోని కపూర్తలా పెట్టెల ఫ్యాక్టరీకి ఎలా వచ్చింది? పెట్టెల మరమ్మతు చూసే సీ అండ్ డబ్ల్యూ విభాగంలో పనిచేసిన పెద్దలెవరైనా ఉన్నారా?

పిట్‌లైన్_పెద్దాయన
ఉన్నాను బాబూ. రిటైరయ్యాను కానీ పెట్టెల కింద దూరిన అలవాటు పోలేదు. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మన ఐసీఎఫ్ పెట్టె స్విట్జర్లాండ్‌లోని ష్లీరెన్ కంపెనీ డిజైన్. 1955లో పెరంబూర్‌లో మొదలైంది. మంచి పెట్టె, దాని కాలానికి. కానీ 1990లకి వేగం పెంచాలన్నా, ప్రమాదంలో జనాన్ని కాపాడాలన్నా దాని హద్దు వచ్చేసింది. బఫర్లు (చివర్లో దెబ్బని ఆపే దిమ్మలు), స్క్రూ కప్లింగ్ (తిప్పి బిగించే కొక్కెం) ఉన్న పెట్టెలు గుద్దుకుంటే ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. ఆ దృశ్యాలు మన దేశం ఎన్ని చూసిందో మీకు తెలుసు.

1995లో రైల్వే జాల్జ్‌గిట్టర్ వాళ్లతో ఒప్పందం చేసుకుంది. అప్పటికే ఆ కంపెనీలో పెద్ద వాటా ఫ్రాన్స్ వైపు ఆల్‌స్టామ్ చేతికి వెళ్లింది. 24 పెట్టెలు జర్మనీలో చేసి పంపడం, తర్వాత టెక్నాలజీ ఇచ్చి కపూర్తలాలో చేయించడం. మొదటి పెట్టెలు ఢిల్లీ, లక్నో శతాబ్దికి వేశారు. 2003లో ముంబై రాజధానికి వచ్చాయి. ఐసీఎఫ్ రకం తయారీ 2018లో ఆగిపోయింది.

పెట్టెలో తేడా ఏమిటంటే... స్టెయిన్‌లెస్ స్టీల్ గోడలు, కాబట్టి తుప్పు తక్కువ. మా రోజుల్లో పాత పెట్టె పీఓహెచ్‌కి, అంటే పెద్ద మరమ్మతుకి పోతే సగం పని కింద తుప్పు పట్టిన రేకు కోసి కొత్తది అతకడమే. ఇందులో ఆ బాధ లేదు. పొడవు దాదాపు 23.5 మీటర్లు, పాతదానికన్నా రెండు మీటర్లు ఎక్కువ. అందుకే స్లీపర్‌లో 72 బదులు 80 బెర్తులు. కింద ఫియట్ బోగీ (బోగీ అంటే ఇక్కడ చక్రాలు ఉండే చట్రం), చక్రాలకి డిస్క్ బ్రేకులు. పెట్టెకీ పెట్టెకీ మధ్యలో కలిపేది సెంటర్ బఫర్ కప్లర్. గుద్దుకున్నప్పుడు పక్క పెట్టె మీదకి ఎక్కకుండా పట్టుకునేది ఆ కప్లరే.

జర్మనీ పెట్టె మనకి అచ్చంగా సరిపోలేదు. వాళ్ల పట్టాల మధ్య 1,435 మిల్లీమీటర్లు, మనవి 1,676. మన దుమ్ము, మన వేడి, మన జనం, మన నీళ్ల ట్యాంకులు, అన్నిటికీ మార్చాల్సి వచ్చింది. మొదట్లో స్పేర్ పార్టుల కోసం ఎదురుచూసేవాళ్లం. తర్వాత మెల్లగా మన దేశంలోనే తయారవడం మొదలైంది. మాకు ఆ కొత్త పెట్టె నేర్పిన క్రమశిక్షణ చాలా పెద్దది. సుత్తి పట్టుకుని సర్దుకునే పని అందులో కుదరదు. ప్రతి బోల్టుకీ టార్క్ ఎంతో రాసి ఉంటుంది, అంతే బిగించాలి.

తాతగారి_లాంతరు
పెద్దాయనగారూ, చదివి కళ్లు చెమర్చాయి. ఇలాంటివి పుస్తకాల్లో దొరకవు. రాస్తూ ఉండండి.

శ్రీకాకుళం_సీత
అన్నీ బాగానే ఉన్నాయి కానీ రాత్రి నిద్రలో ఆ కుదుపులేంటండీ? బండి కదిలినప్పుడు, ఆగినప్పుడు ఎవరో తన్నినట్టు ఉంటుంది. పాత పెట్టెల్లో ఇంత ఉండేది కాదు. అప్పర్ బెర్తులో చంటిపిల్లతో పడుకున్నప్పుడు భయం వేస్తుంది.

పిట్‌లైన్_పెద్దాయన
నిజమేనమ్మా, ఈ మాట చాలామంది అంటారు. పాత స్క్రూ కప్లింగ్‌ని మనిషి చేత్తో తిప్పి బిగిస్తాడు. బఫర్లు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి, మధ్యలో ఖాళీ ఉండదు. సెంటర్ బఫర్ కప్లర్ వెనక డ్రాఫ్ట్ గేర్ అని ఒకటి ఉంటుంది, లాగుడు తోపుడు దెబ్బని మింగేది అదే. అందులో కొంచెం ఆట ఉన్నా, ఇరవై రెండు పెట్టెలకి కలిపి ఆ ఆట పెరిగిపోతుంది. ముందు ఇంజన్ కదిలితే ఒక్కో పెట్టెకీ ఆ లాగుడు అందుతూ వెనక్కి వచ్చేసరికి దెబ్బలా తగులుతుంది. తర్వాత డ్రాఫ్ట్ గేర్ రకం మార్చారు, చాలా తగ్గింది. లోకో పైలట్ మెల్లగా లాగితే కూడా తేడా తెలుస్తుంది.

మౌలాలి_మోహన్
మరి ఒడిశాలో బాలాసోర్ ప్రమాదం? 2023 జూన్ 2న కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌వి ఎల్‌హెచ్‌బీ పెట్టెలే కదా. అంత మంది ఎందుకు పోయారు? మన ఆంధ్రా వైపు వచ్చే బండి అది.

పిట్‌లైన్_పెద్దాయన
ఆ బండి సిగ్నల్ తప్పు వల్ల గంటకి 128 దరిదాపుల్లో లూప్ లైన్లోకి (పక్క లైనులోకి) వెళ్లి, నిలబడి ఉన్న ఇనుప ఖనిజం గూడ్సుని గుద్దింది. ఆ వేగంతో కదలని బరువుని గుద్దితే ఏ డిజైనూ అందరినీ కాపాడలేదు బాబూ. ముందు వైపు జనరల్ పెట్టెలు కిక్కిరిసి ఉన్నాయి. పెట్టె తీరు ప్రాణాలు కాపాడుతుంది, నిజమే. కానీ సిగ్నల్ తప్పుకి పెట్టె మందు కాదు. ఆ రెండూ వేరుగా చూడాలి.

మౌలాలి_మోహన్
ఒప్పుకుంటాను. కానీ మనవాళ్లు ఎల్‌హెచ్‌బీ అంటే ఇక ప్రమాదమే లేదన్నట్టు మాట్లాడతారు. ఆ మాట ఆపాలి.

నల్లగొండ_నవ్య
+1 మోహన్.

ఖాజీపేట_శీను
గణేష్, జాల్జ్‌గిట్టర్ వాళ్లు రైలుకార్లు మళ్లీ చేశారా? బ్రెస్లావ్ 205 తర్వాత ఆ విద్య పోయిందా?

గుంతకల్లు_గణేష్
పోలేదు! ఇదే నాకు ఇష్టమైన భాగం.

1973లో ఈటీ 403 వచ్చింది. ఎలక్ట్రిక్, నాలుగు పెట్టెలు, 200 వేగం. ముక్కు ముందుకు సాగి బాతు ముఖంలా ఉంటుంది, జర్మనీలో జనం "డొనాల్డ్ డక్" అనేవాళ్లు. లింకె-హోఫ్‌మాన్-బుష్, ఎంబీబీ అనే విమానాల కంపెనీ కలిసి చేశారు. మొత్తం మూడే రైళ్లు. ఖర్చెక్కువ, రైల్వే విధానం మారింది, ఇంక కట్టలేదు. 1982 నుంచి 1993 వరకూ జర్మన్ విమాన సంస్థ లుఫ్తాన్సా వాళ్లు దాన్ని ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌గా నడిపారు. డ్యుసెల్‌డార్ఫ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయానికి రైన్ నది ఒడ్డున, విమానం టికెట్‌తో, రైల్లో! నా దృష్టిలో అంత అందమైన రైలుకార్ ఇంకోటి లేదు.

తర్వాత చిన్న లైన్ల మీదకి వచ్చారు. 1999లో లింట్ అనే డీజిల్ రైలుకార్. ఒకటి 27 మీటర్లు, ఇంకోటి 41. పల్లె లైన్లలో ముసలి బళ్ల బదులు వేశారు. తలుపు దగ్గర నేల కిందకి ఉంటుంది, ముసలివాళ్లు, సైకిళ్లు, పిల్లల బళ్లు సులువుగా ఎక్కొచ్చు. వందల్లో అమ్ముడయ్యాయి. 205 వేగం కన్నా పల్లె జనానికి ఇదే ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం.

లోకోషెడ్_రాజు
ఆ లింట్ నుంచే హైడ్రోజన్ బండి వచ్చింది కదా, ఐలింట్.

హాంబుర్గ్_లక్ష్మి
అవును రాజూ. 2016లో బెర్లిన్‌లో చూపించారు, 2018 సెప్టెంబర్‌లో బుక్స్‌టెహూడె, బ్రెమర్‌ఫోర్డె, కుక్స్‌హాఫెన్ వైపు లైన్లో జనం ఎక్కారు. ప్రపంచంలో ప్రయాణికులతో తిరిగిన మొదటి హైడ్రోజన్ రైలు. 2022లో ఒక్కసారి నింపిన హైడ్రోజన్‌తో 1,175 కిలోమీటర్లు పోయింది. నేను ఎక్కాను. శబ్దం చాలా తక్కువ, కిటికీ పక్కన కూర్చుంటే చక్రాల చప్పుడే వినిపిస్తుంది.

కానీ తర్వాత కష్టాలొచ్చాయి. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్స్ సరిగ్గా అందక, చాలా బళ్లు పక్కన పెట్టి మళ్లీ డీజిల్ నడపాల్సి వచ్చింది. లోయర్ సాక్సనీ రాష్ట్రం ఇకముందు బ్యాటరీ రైళ్లే కొంటామని 2023లో చెప్పేసింది.

మౌలాలి_మోహన్
అంటే హైడ్రోజన్ ఫెయిల్. మనవాళ్లు హర్యానాలోని జింద్, సోనీపత్ లైన్లో ఎందుకు పెడుతున్నారో మరి.

గుంతకల్లు_గణేష్
అంత తొందరగా ఫెయిల్ అనకు. 1932లో డీజిల్ రైలుకార్‌ని కూడా బొగ్గు ఇంజన్ల వాళ్లు ఇలాగే అన్నారు. ఎవరో ఒకరు మొదట నడిపి, ఏది పనికొస్తుంది ఏది రాదు అని లెక్క తేల్చాలి.

మౌలాలి_మోహన్
లెక్క తేలింది కదా. వైర్లు లేని లైనుకి బ్యాటరీ చాలు. మన దగ్గరైతే బ్రాడ్‌గేజ్ దాదాపు మొత్తానికీ వైర్లే ఉన్నాయి.

లోకోషెడ్_రాజు
ఇద్దరూ కొత్త థ్రెడ్ తెరవండి దీనికి. నేనూ వస్తాను. మనకి ఇది పెద్ద చర్చ.

పట్టాలే_ప్రాణం
అందరూ ఒక్క విషయం గమనించారా? నేను మొదట రాసిన మూడు ఊళ్లూ గుర్తున్నాయి కదా. బ్రెస్లావ్, బాట్‌సెన్, జాల్జ్‌గిట్టర్. 1945లో కథ ఈ మూడు దారులుగా విడిపోయింది. పఫావాగ్‌ని 1990లలో ఆడ్‌ట్రాన్స్ అనే రైలు కంపెనీ కొన్నది, తర్వాత అది కెనడా కంపెనీ బొంబార్డియర్ చేతికి వెళ్లింది. బాట్‌సెన్ కూడా తూర్పు జర్మనీ పోయాక చేతులు మారి బొంబార్డియర్‌కే వచ్చింది. జాల్జ్‌గిట్టర్ ఆల్‌స్టామ్‌ది. 2021 జనవరిలో ఆల్‌స్టామ్ బొంబార్డియర్ రైలు విభాగాన్ని కొనేసింది. దాంతో 76 ఏళ్ల తర్వాత ఆ మూడు దారులూ ఒకే కంపెనీ కిందకి వచ్చాయి. అది ఎవరూ కావాలని చేసింది కాదు, కొనుగోళ్ల లెక్కల్లో అలా జరిగింది. నేను మొదటిసారి ఈ మూడు దారులూ కాగితం మీద గీసి చూసినప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తాతగారి_లాంతరు
వావ్. ఇది నాకు అస్సలు తెలీదు.

వాల్తేరు_వాసు
అదే కొనుగోలులో గోర్లిట్స్ కూడా వచ్చింది. దాని సంగతి చూడండి. 1849 నుంచి పెట్టెలు చేస్తున్న ఊరు, ఫ్లీగెండర్ హాంబుర్గర్ కట్టిన ఊరు, డబుల్ డెక్కర్లకి పేరుపడ్డ ఊరు. 2025 ఫిబ్రవరిలో కేఎన్‌డీఎస్ అనే రక్షణ కంపెనీకి ఇస్తున్నట్టు ప్రకటించారు. ఇక అక్కడ ట్యాంకుల భాగాలు చేస్తారట. 175 ఏళ్ల పనితనం అలా పోవడం ఏమిటి? పక్క ఊళ్లకి పని ఇవ్వడానికి ఇంకో దారే లేదా?

హాంబుర్గ్_లక్ష్మి
పనివాళ్లలో సగం మంది ఉద్యోగం మిగులుతుందని సంతోషించారు వాసూ. మిగతా సగం మంది బాధ నువ్వు చెప్పిందే. ఇక్కడ పేపర్లలో రెండూ వచ్చాయి. రైళ్లకి డిమాండ్ పెరుగుతున్న రోజుల్లోనే రైలు ఫ్యాక్టరీ మూతపడటం నాకూ మింగుడు పడలేదు.

సికింద్రాబాద్_సుధ
గోర్లిట్స్‌కీ మనకీ ఒక లింకుంది. ఢిల్లీ మెట్రోలో బొంబార్డియర్ వాళ్ల మొదటి రైళ్లు అక్కడే తయారయ్యాయి, తర్వాత గుజరాత్‌లోని సావ్లీలో. 2009లో జర్మనీలోని పార్ఖిమ్ విమానాశ్రయం నుంచి ఆంటనోవ్ విమానంలో మెట్రో పెట్టెని ఢిల్లీకి ఎగరేసి తెచ్చారు. అప్పట్లో టీవీలో చూసి మా పిల్లలు "రైలు కూడా ఫ్లైటెక్కిందా" అని ఒకటే గోల.

బెజవాడ_చిన్ని
లుఫ్తాన్సా రైలు నడిపింది, విమానం రైలుని మోసింది. లెక్క సరి!

ఖాజీపేట_శీను
ఇంత దొరుకుతుందనుకోలేదు. ఇంకొక్కటి. వచ్చే వేసవిలో మా తమ్ముడి దగ్గరికి లైప్‌సిగ్ వెళ్తున్నాను. ఈ బళ్లలో ఏవైనా చూడగలనా? లక్ష్మక్కా, ఫ్యాక్టరీ లోపలికి రానిస్తారా?

హాంబుర్గ్_లక్ష్మి
ఫ్యాక్టరీ మామూలుగా బయటివాళ్లకి తెరవరు శీనూ. కానీ నువ్వు వెళ్లే ఊళ్లోనే ఒకటుంది. లైప్‌సిగ్ మెయిన్ స్టేషన్‌లో 24వ ప్లాట్‌ఫారం దగ్గర పాత రైళ్లు నిలబెట్టి ఉంటాయి, అక్కడ 1930ల రైలుకార్ ఎస్‌వీటీ 137 ఉంది. గోర్లిట్స్ కట్టిన రకం. టికెట్ అక్కర్లేదు. నురెంబర్గ్ రైల్వే మ్యూజియంలో అసలు ఫ్లీగెండర్ హాంబుర్గర్ ముందు భాగం కోసి పెట్టారు. ఒక రోజు ఖాళీ చేసుకుంటే డ్రూట్టె స్మారకానికి కూడా వెళ్లు, ముందుగా రాసి అడగాలి. బయల్దేరే తేదీలు మెసేజ్ చెయ్యి, ట్రైన్ కనెక్షన్లు నేను చూసి పెడతాను.

గుంతకల్లు_గణేష్
శీనన్నా, 24వ ప్లాట్‌ఫారం మీద ముక్కు వైపు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, బోగీ దగ్గరగా ఒకటి, మూడు ఫొటోలు తప్పకుండా తీయి. పెద్ద సైజులోనే ఇక్కడ పెట్టు.

పిట్‌లైన్_పెద్దాయన
బోగీ ఫొటో తీసేటప్పుడు కిందకి వంగి, మధ్యలో రెండు పెట్టెలు కలిసే చోట తీయి బాబూ. ఆ బళ్లలో రెండు పెట్టెలకీ కలిపి ఒకే బోగీ పెట్టారు. స్ప్రింగులు ఎలా కూర్చారో నాకు చూడాలని ఉంది.